దేవదూతలు: అపోహలు - వాస్తవాలు

కతోలిక విశ్వాసాన్ని నేర్పే సత్యోపదేశ తరగతుల్లో పవిత్ర త్రిత్వం గురించి వచ్చే ప్రశ్నల కంటే దేవదూతల గురించి వచ్చేవే ఎక్కువ. పిల్లలు అడుగుతారు, పెళ్లికి సిద్ధపడుతున్న యువతీయువకులు అడుగుతారు, అమ్మమ్మలూ తాతయ్యలూ అడుగుతారు. ఆసక్తికి కొదవ లేదు. చిక్కంతా వారికి తెలిసినది ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే. సినిమాలు, గ్రీటింగ్ కార్డులు, ఫోనులో తిరిగే సందేశాలు కలిసి ఒక దేవదూతను తయారుచేశాయి. పవిత్ర గ్రంథంలోని దూతకూ ఈ దూతకూ పోలిక బహు తక్కువ. ఉపదేశిగా నాకు తరచూ ఎదురయ్యే అపోహలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. కొన్ని చిన్నవి, రెండు మాటల్లో తేలిపోతాయి. కొన్ని మాత్రం మనుషులను నిజంగా గాయపరుస్తున్నాయి. వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: దేవదూతలు పాతకాలపు ఊహ. నేటి శ్రీసభ (కతోలిక సంఘం) వారిని పెద్దగా పట్టించుకోదు.

కనిపించే లోకాన్నీ, దేవదూతల లోకాన్నీ దేవుడే శూన్యం నుంచి సృష్టించాడని 1215లో నాలుగవ లాటెరన్ మహాసభ (బిషప్పుల విశ్వ సమావేశం) ప్రకటించింది. 1870లో మొదటి వాటికన్ మహాసభ అదే మాటను మళ్లీ చెప్పింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 328వ పేరాలో దూతల ఉనికిని విశ్వాస సత్యం అంటుంది. నమ్మితే నమ్మవచ్చు, లేకపోతే మానవచ్చు అనే విషయం కాదిది. దివ్యబలిపూజలో "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని మనం పాడేది యెషయా ప్రవక్త తన దర్శనంలో సెరాఫీములనే దూతల నోట విన్న స్తుతి. దానికి ముందు గురువు చదివే ప్రార్థనలో దూతలతో గొంతు కలిపి పాడుతున్నామని స్పష్టంగా ఉంటుంది. ప్రతి ఆదివారం వారితో కలిసి పాడుతూనే వారు లేరని ఎలా అనగలం?

అపోహ: చనిపోయిన పసిపిల్లలు దేవదూతలు అవుతారు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఎవరో ఈ మాట అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ సమయంలో దాన్ని సరిదిద్దబోవడం క్రూరత్వం. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చోవాలి తప్ప పాఠం చెప్పకూడదు. కానీ రోజులు గడిచాక, "నిజంగా నా బిడ్డ దూత అయిందా?" అని ఆ తల్లే అడిగితే, శ్రీసభ ఇచ్చే జవాబు ఆమెకు దక్కాలి. ఎందుకంటే ఆ జవాబు ఓదార్పు మాట కంటే గొప్పది.

దూతలు శరీరం లేని శుద్ధ ఆత్మలు. దేవుడు వారిని మొదటి నుంచీ అలాగే సృష్టించాడు. మనిషి ఆత్మా శరీరమూ కలిసిన వ్యక్తి. మరణం తర్వాత ఒకరు ఇంకొకరుగా మారిపోరు. పునరుత్థానంలో మనుషులు పరలోక దూతలవలె ఉంటారని యేసు ప్రభువు మత్తయి సువార్త 22వ అధ్యాయంలో చెప్పిన మాటను ఇక్కడ చాలామంది ఉదహరిస్తారు. అక్కడ ప్రశ్న పెళ్లి గురించి. అప్పుడు పెళ్లి చేసుకోరు, పెళ్లికి ఇవ్వరు అన్న విషయంలోనే ఆ పోలిక. పైగా ఆ సంభాషణ అంతా శరీర పునరుత్థానాన్ని నమ్మని సద్దూకయ్యులతో, పునరుత్థానం ఉందని చెప్పడానికే జరిగింది.

కాబట్టి కతోలిక నిరీక్షణ ఇది: ఆ బిడ్డ ఆ బిడ్డగానే ఉంది. అమ్మ పెట్టిన పేరు ఆమెదే. చివరి దినాన ఆమె శరీరం కూడా మహిమతో లేస్తుంది. జ్ఞానస్నానం పొందిన పసిబిడ్డ మరణిస్తే, ఆ బిడ్డ దేవుని సన్నిధిలో ఉందని శ్రీసభ నిస్సందేహంగా నమ్ముతుంది. జ్ఞానస్నానం పొందకుండా మరణించిన బిడ్డలను దేవుని కరుణకు అప్పగిస్తుంది. చిన్నపిల్లలను తన దగ్గరకు రానివ్వమన్న ప్రభువు ప్రేమ మీద ఆశ పెట్టుకోమని చెబుతుంది. దేవుని కుమారుడు దూతగా పుట్టలేదు, మనిషిగా పుట్టాడు. ఆయన చేయూతనిచ్చేది దూతలకు కాదు, అబ్రహాము సంతతికే అని హెబ్రీయులకు రాసిన లేఖ చెబుతుంది. ఇంత గౌరవం పొందిన మానవ స్వభావాన్ని వదిలి దూతగా మారితే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. అంత్యక్రియల్లో పాడే ప్రాచీన గీతం, దూతలు నిన్ను పరదైసుకు తోడ్కొని పోవుదురు గాక అని కోరుతుంది. తోడు వచ్చేవారు వేరు, వెళ్లే బిడ్డ వేరు.

అపోహ: దేవదూతలంటే రెక్కలున్న బుజ్జి పిల్లలు, లేదా తెల్లని గౌను వేసుకున్న అందమైన స్త్రీలు.

శరీరమే లేనివారికి వయసూ లేదు, స్త్రీ పురుష భేదమూ లేదు. రోములోని ప్రిస్సిల్లా భూగర్భ సమాధుల్లో మంగళవార్త (దూత మరియమ్మకు వార్త తెచ్చిన) దృశ్యంగా భావించే ప్రాచీన చిత్రంలోని దూతకు రెక్కలు కనిపించవు. క్రైస్తవ కళలో రెక్కలు 4వ శతాబ్దం చివరి నుంచి వ్యాపించాయి. బొద్దు పిల్లల రూపం పాత రోమను శిల్పాల నుంచి పునరుజ్జీవన కాలపు చిత్రకారులు తెచ్చుకున్నది. గ్రంథంలోని సెరాఫీములకు ఆరేసి రెక్కలున్నా, యెహెజ్కేలు చూసిన జీవులకు నాలుగేసి ముఖాలున్నా అవి దర్శనంలో అర్థాన్ని మోసే రూపాలు. బొమ్మలు తప్పు కాదు. 787లో రెండవ నికయా మహాసభ దూతల చిత్రాలను కూడా అనుమతించింది. కానీ గ్రంథంలో దూత కనిపించగానే ఎదుటివారు భయపడతారని, దూత పలికే తొలి మాటల్లో "భయపడకు" అన్నది తరచూ ఉంటుందని పిల్లలకు తప్పక చెప్పాలి. బుజ్జి బొమ్మను చూసి ఎవరూ అలా వణకరు.

అపోహ: కావలి దూత ఉన్నాడు కాబట్టి నాకు ఏ ప్రమాదమూ జరగదు.

మనిషికి తోడుగా, కాపుదలగా ఉండే దూతే కావలి దూత. అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. దీనికి ఆధారంగా 91వ కీర్తన చూపిస్తారు: నీ పాదానికి రాయి తగలకుండా దూతలు తమ చేతులతో నిన్ను ఎత్తి పట్టుకుంటారు. నిజమే, ఆ మాట దేవుని వాక్యమే. అయితే సువార్తలో ఆ వాక్యాన్ని ఎత్తి చూపినవాడెవడో గమనించండి. దేవాలయ శిఖరం మీద సైతాను. దూకు, దూతలు పట్టుకుంటారులే అని యేసు ప్రభువుతో అన్నాడు. ప్రభువు దూకలేదు. నీ దేవుడైన ప్రభువును శోధింపరాదు అని బదులిచ్చారు. హెల్మెట్ పెట్టుకోకుండా, మందులు వేసుకోకుండా దూత మీద భారం వేయడం భక్తి అనిపించుకోదు.

అపోస్తలుల కార్యములు 12వ అధ్యాయం చూడండి. దూత చెరసాలలోకి వచ్చి పేతురు సంకెళ్లు ఊడగొట్టి బయటకు నడిపించాడు. అదే అధ్యాయం మొదట్లో మరో అపోస్తలుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. యాకోబుకు దూత లేడా? అతని విశ్వాసం పేతురు విశ్వాసం కంటే తక్కువా? ఆ మాట గ్రంథం ఎక్కడా అనదు. గెత్సెమనిలో యేసు ప్రభువు వేదన పడుతున్నప్పుడు పరలోకం నుంచి దూత వచ్చి ఆయనను బలపరిచాడని లూకా రాశాడు. ఆ దూత కష్టాల పాత్రను తీసివేయలేదు. దాన్ని తాగే బలం ఇచ్చాడు.

ప్రమాదంలో ఎవరైనా పోతే "ప్రార్థన సరిగా చేసి ఉండరు, అందుకే దూత కాపాడలేదు" అనేవారు ఉన్నారు. దయచేసి ఆ మాట ఎవరితోనూ అనకండి. అది కతోలిక బోధ కాదు, దానికి గ్రంథంలో చోటు లేదు. మానవ జీవితం ఆరంభం నుంచి మరణం వరకు దూతల కాపుదలతో, విజ్ఞాపనతో చుట్టబడి ఉందని సత్యోపదేశ గ్రంథం 336వ పేరా చెబుతుంది. ఆ కాపుదల గమ్యం నిత్యజీవం. దారిలో ఆపదలు తప్పించడమూ అందులో ఉండవచ్చు, ఎన్నోసార్లు ఉంటుంది కూడా. అయితే ఒంటి మీద గాయం పడనివ్వననే హామీ ఎవరికీ ఇవ్వలేదు. అపోస్తలుల్లో చాలామంది హతసాక్షులుగానే, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చే, మరణించారన్నది శ్రీసభ సంప్రదాయం.

అపోహ: నా కావలి దూత పేరు కనుక్కోవాలి. 444, 11:11 వంటి అంకెలు ఆయన పంపే సందేశాలు.

పవిత్ర గ్రంథం పేరు పెట్టి చెప్పిన దూతలు ముగ్గురే: మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు. 745లో జకారియా పోపు రోములో జరిపిన సభ, ఒక బోధకుడు వాడుతున్న దూతల పేర్ల ప్రార్థనను తోసిపుచ్చి, ఈ ముగ్గురి పేర్లనే నిలిపింది. ఊరియేలు వంటి పేర్లు కతోలిక బైబిలు పట్టికలో లేని గ్రంథాల నుంచి వచ్చాయి. ఈ మూడు తప్ప దూతలకు పేర్లు పెట్టే అలవాటును ప్రోత్సహించకూడదని 2001లో ఆరాధన వ్యవహారాల వాటికన్ విభాగం మార్గదర్శకాల్లో రాసింది. మీ దూతను "నా కావలి దూతా" అని పిలవండి. అది చాలు.

అంకెల సంగతి మరీ సూటిగా చెప్పాలి. గడియారంలో ఒకే అంకె వరుసగా కనిపించడాన్ని దూత సందేశంగా చదవడం, దూతల బొమ్మలున్న కార్డులు తీసి భవిష్యత్తు చూడడం సోదె కిందికే వస్తాయి. సత్యోపదేశ గ్రంథం 2116వ పేరా ఇలాంటివన్నీ విడిచిపెట్టమంటుంది. గబ్రియేలు జెకర్యాకు, మరియమ్మకు వార్త తెచ్చినప్పుడు అంకెల్లో మాట్లాడలేదు. తనను ఎవరు పంపారో, ఏమి జరగబోతోందో విడమరిచి చెప్పాడు. 1916లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో ముగ్గురు పిల్లలకు కనిపించిన దూత కూడా వారికి నేర్పింది దేవుని ఆరాధించే ప్రార్థనలే. ఫాతిమా వంటి వ్యక్తిగత దర్శనాలను శ్రీసభ ఆమోదించినా, వాటిని నమ్మి తీరాలని ఎవరినీ నిర్బంధించదు.

అపోహ: కతోలికులు దూతలను ఆరాధిస్తారు.

ఆరాధన దేవునికే. దూతలకూ పునీతులకూ ఇచ్చేది గౌరవం, వారిని అడిగేది సహాయం, విజ్ఞాపన. బైబిలు చివరి పుస్తకమైన దర్శన గ్రంథం చివర యోహాను దూత పాదాల ముందు మోకరించబోతే, "వద్దు, నేనూ నీ తోటి సేవకుడినే, దేవుని ఆరాధించు" అని దూతే వారించాడు. దూతల మీద భక్తి దేవుని మీదికి మళ్లకపోతే అది గాడి తప్పినట్టే. దేవుని కంటే దూతతోనే చనువు ఎక్కువ అని ఎవరైనా నాతో అంటే నాకు దిగులు వేస్తుంది.

అపోహ: సైతాను దేవునికి సమ ఉజ్జీ. ఒక భుజం మీద దూత, మరో భుజం మీద పిశాచం కూర్చుని మనల్ని ఆడిస్తారు.

సైతాను కూడా సృష్టి పొందినవాడే. దేవుడు మంచివాడిగా చేసిన దూత, తన సొంత ఎంపికతో చెడ్డవాడయ్యాడు. దర్శన గ్రంథం 12వ అధ్యాయంలో సైతానుతో పోరాడేది మిఖాయేలు, మిఖాయేలు వెంట ఉన్న దూతలు. దేవునికి ప్రత్యర్థి అంటూ ఎవరూ లేరు. 1886 ప్రాంతంలో 13వ లియో పోపు దివ్యపూజ చివర చేర్చిన మిఖాయేలు ప్రార్థన కూడా, దేవుడే సైతానును గద్దించాలని వేడుకుంటుంది. 1960లలో పూజ చివర దాన్ని చెప్పడం ఆగిపోయింది. 1994 ఏప్రిల్‌లో రెండవ జాన్ పాల్ పోపు దాన్ని మరచిపోవద్దని విశ్వాసులను కోరారు.

ఇక మనల్ని ఆడించడం మాట. దూతలు మంచివారైనా చెడ్డవారైనా మన ఇచ్ఛను బలవంతంగా తిప్పలేరని 13వ శతాబ్దపు వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ వివరించారు. గుండె లోతుల్లోని ఆలోచన దేవునికే తెలుసు. మంచి దూత మన బుద్ధికి వెలుగునిస్తాడు, నిర్ణయం మాత్రం మనదే. అందుకే గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో "పిశాచం చేయించింది" అనే మాట చెల్లదు.

దూతలను సెరాఫీములు, కెరూబీములు వంటి తొమ్మిది గణాలుగా విభజించే పట్టిక గురించి కూడా ఒక్క మాట. గణాల పేర్లు గ్రంథంలో అక్కడక్కడ ఉన్నాయి. వాటిని మూడేసి చొప్పున మూడు వరుసలుగా అమర్చింది 500 ప్రాంతపు రచయిత, డియోనీసియస్ పేరుతో రాసినవాడు. గౌరవనీయమైన సంప్రదాయమే, విశ్వాస సత్యం మాత్రం కాదు.

అపోహ: కావలి దూత చిన్నపిల్లలకే, లేదా జ్ఞానస్నానం పొందినవారికే.

ప్రతి విశ్వాసి పక్కన జీవానికి నడిపించే కాపరిగా ఒక దూత ఉంటాడని 4వ శతాబ్దపు బిషప్పు పునీత బాసిల్ రాశారు. అక్వినాస్ ఇంకా ముందుకు వెళ్లి, ఆ కాపుదల జ్ఞానస్నానంతో కాక పుట్టుకతోనే మొదలవుతుందని, మనుషులందరికీ ఉంటుందని బోధించారు. కావలి దూతల పండుగ అక్టోబరు 2. 1670లో పదవ క్లెమెంట్ పోపు దాన్ని శ్రీసభ అంతటికీ విస్తరించారు. ముగ్గురు ప్రధాన దూతల పండుగ దానికి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 29న. ఆ రెండు రోజుల్లో పిల్లలతో పాటు పెద్దలూ పూజకు రండి. 11వ పయస్ పోపు కష్టమైన సంభాషణకు కూర్చునే ముందు తన కావలి దూతకు ప్రార్థించి, అవతలి వ్యక్తి దూతతో ముందే మాట్లాడమని కోరేవారట. 23వ జాన్ పోపు ఈ అలవాటును ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఇంట్లో మాటా మాటా పెరిగి నెలల తరబడి పలకరింపులు లేని వారికి నేను తరచూ సూచించేది కూడా ఈ ప్రార్థననే.