తొండ ముదిరినా తొండే

ఎండాకాలం రాగానే, పాములు పట్టే నాకు ఇంకో రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గోడ మీద ఊసరవెల్లి. తల రక్తంలా ఎర్రగా ఉంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది." అల్వాల్ వెళ్లినా, నాగోలు వెళ్లినా అక్కడ కనిపించేది తొండే.

అపోహ: తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది.

సామెతగా బాగుంది, కానీ ఈ రెండూ వేర్వేరు కుటుంబాల జీవులు. ఊసరవెల్లి కళ్లు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరుగుతాయి. దాని కాలివేళ్లు రెండు ఒకవైపు, మూడు ఒకవైపు అతుక్కుని పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి, తోక చుట్టుకుంటుంది. తొండకు వేళ్లు విడివిడిగా ఉంటాయి. మెడ మీంచి వీపు దాకా రంపం పళ్లలాంటి వరుస, ఒంటికి రెట్టింపు దాటిన సన్నటి తోక. ఊసరవెల్లి ఊగుతూ ఆచితూచి అడుగేస్తుంది, తొండ రెప్పపాటులో మాయమవుతుంది.

అపోహ: తల ఎర్రబడిందంటే రక్తం తాగినట్టే.

అది జత కట్టే కాలంలో మగ తొండ రంగు. ఓసారి గోరింట కంచె మీద రెండు మగవి ఎదురుపడ్డాయి. గొంతు ఉబ్బించి, ముందుకాళ్ల మీద లేస్తూ వాలుతూ దండీలు తీశాయి. కాసేపటికి ఒకటి వెనక్కి తగ్గింది, చూస్తుండగానే దాని ఎరుపు పోయి మట్టిరంగు మిగిలింది. ఇవి తినేది చీమలు, మిడతలు, పురుగులు.

విషం సంగతి ఒక్క మాటలో: లేదు. చేత్తో పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది, సబ్బుతో కడుక్కుంటే చాలు. తోక పట్టి మాత్రం లాగొద్దు, బల్లి తోకైతే మళ్లీ పెరుగుతుంది, దీనిది పెరగదు.

అపోహ: కుండీ తవ్వుతోందంటే మొక్క వేళ్లు తింటోంది.

నాగోలులో ఒక అమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. పెద్ద సిమెంటు కుండీలో ఆడ తొండ. ముందుకాళ్లతో గుంట తీసి, తెల్లటి కోల గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అదుముతోంది. పైన ఎండుటాకులు చేరాక అక్కడేదో ఉందని ఎవరూ అనుకోరు. గుడ్లు పెట్టాక తల్లి వెళ్లిపోతుంది, కాపలా ఉండదు. "ఆ కుండీ మట్టి కదపకండమ్మా, నీళ్లు కూడా కొంచెమే పోయండి" అని చెప్పి వచ్చాను.

నెలన్నర దాటాక ఆమే ఫోన్ చేసింది. "వేలెడంత పిల్లలు బాబూ, గులాబీ కొమ్మ మీద మూడున్నాయి. లోపల ఇంకెన్ని ఉంటాయి?"