సెగ మీద దిగిన రాయి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

సైదాబాద్ నుంచి తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ప్రశ్న రాసింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు మైకు ముందు నిలబడి ప్రతిజ్ఞ చెప్పిస్తూ, 'భారతీయులందరు నా సహోదరులు' అన్న తరువాత మాట అందక ఆగిపోయిందట. వెనుక వరుసల్లో ఎవరో నవ్వారట. నిరుడు చదివిన పాఠాలు గుర్తు లేవు గాని ఆ నవ్వు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది, ఎందుకు తాతయ్యా అని అడిగింది.

దీనికి జవాబు నాకు లాడ్ బజారులో కనిపిస్తుంది. మా చిన్నతనంలో పండగ ముందు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని చార్మినార్ పక్కనున్న ఆ వీధికి వెళ్ళేది. ఆమె బేరమాడుతున్నంతసేపూ నేను లక్క గాజులు చేసే ఒక ముసలాయన కుంపటి దగ్గర చతికిలబడేవాణ్ణి. ఆయన లక్కముద్దను బొగ్గుల సెగకు తిప్పుతూ మెత్తబరచి, తాడులా సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే తళుకు రాళ్ళను ఒక్కొక్కటిగా అందులో నొక్కేవాడు. చల్లారిన లక్కలో రాయి దిగదు. సెగ మీద దిగిన రాయి ఒక పట్టాన ఊడదు. ఆ రోజుల్లో నాయనమ్మ కొన్న గాజుల రంగులు నాకు గుర్తు లేవు గాని, ఆయన బొటనవేలు నొక్కే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

సిగ్గు కూడా సెగే. నలుగురిలో తడబడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది, చెంపల్లోని సన్నని రక్తనాళాలు విప్పారి ముఖం ఎర్రబడుతుంది. అదే వేళ మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగం, జ్ఞాపకాలను భద్రపరిచే భాగాన్ని పురిగొల్పుతుంది. పాఠం చల్లని లక్క మీద పెట్టిన రాయి. ఆ నవ్వు వేడి లక్కలో దిగిన రాయి.

అయితే వేడెక్కింది నీ లక్క ఒక్కటే తల్లీ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో కొందరికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న చొక్కా తొడిగి తోటివారి మధ్యకు పంపారు. 2000లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు; నిజంగా గమనించినవారు పావు వంతు మందే. చూసినవాళ్ళలో కూడా చాలామందికి ఆ రాయి పైపైనే ఆని, సాయంత్రానికి రాలిపోయి ఉంటుంది.

వంకరగా కూర్చున్న రాయిని ఆ ముసలాయన పారేసేవాడు కాడు; గాజును మళ్ళీ సెగకు చూపి, మెత్తబడ్డాక సరిచేసేవాడు. జ్ఞాపకం కూడా తలచుకున్నప్పుడు కొంత మెత్తబడి, మళ్ళీ గట్టిపడేలోగా మార్పుకు లోబడగలదని శాస్త్రజ్ఞులు అంటారు. కనుక దాన్ని గది మూల ఒంటరిగా కూర్చొని తలచుకోవద్దు. నిన్ను ప్రేమించేవారి పక్కన కూర్చొని, మొదటి నుంచి చివరిదాకా చెప్పు. నవ్విన పిల్లలకూ ఒక మాట: ఎదుటివారి లక్క వేడిగా ఉన్న వేళ మీరు నొక్కుతున్నది ఏ రాయో చూసుకోండి.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి ప్రత్యేక వస్తువని తెలిపే జీఐ ట్యాగ్, లభించింది. ఈ ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని లాడ్ బజారుకు వెళ్ళి, కళ్ళెదుట గాజులు చేసి ఇచ్చే దుకాణం వెతకండి. రద్దీ పెరగకముందే వెళ్ళండి. కుంపటికి కొంచెం ఎడంగా, పనివాడి చేతులు కనిపించేలా కూర్చోండి.

మీ తాతయ్య