గేములో ఈజిప్టు ప్యాలెస్: అపోహలు - వాస్తవాలు

ఇసుక కింద దాగిన ఫారో ప్యాలెస్ అనగానే చాలా అడ్వెంచర్ గేముల్లో కనిపించేది నిజానికి సమాధి. చీకటి సొరంగం, రాతి గోడలు, చివర్లో ఒక శవపేటిక. లెవెల్ తేడా కొట్టేది అక్కడే.

అపోహ: ప్యాలెస్ అంటే గ్రానైటు కోట.

వాస్తవం: రాయి దేవుళ్లకీ చనిపోయినవాళ్లకీ. బతికున్న రాజుది పచ్చి ఇటుక ఇల్లు. థీబ్స్ (ఇప్పటి లక్సర్) దగ్గర నైలు పడమటి గట్టున మూడో అమెన్‌హోటెప్ రాజు కట్టించిన మల్కటా ప్యాలెస్, అఖెనాతెన్ రాజు కట్టించిన అమర్నా నగరంలోని ప్యాలెస్‌లు చాలావరకు అలాంటివే. ఇటుక మీద పూత, పూత మీద రంగులు, సున్నపురాయి దిమ్మెల మీద చెక్క స్తంభాలు. ఇప్పుడు మిగిలినవి చాలావరకు మొండిగోడలు. పాతూళ్ల దిబ్బల మట్టిని అక్కడి రైతులు ఎరువుగా తోలుకుపోయారు, మన దగ్గర పాటిమన్ను తోలినట్టే.

కాబట్టి గోడ మెటీరియల్‌ని మూడు పొరలుగా చేయండి: గడ్డిపరకలు కనిపించే ఇటుక, మట్టి పూత, రంగు. వెర్టెక్స్ పెయింట్‌తో (మోడల్ మీద బ్రష్‌తో పూసినట్టు ఏ పొర ఎక్కడ కనిపించాలో చెప్పే పద్ధతి) పొరలు ఊడగొట్టేటప్పుడు గోడ పాదం దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. చెమ్మ, ఉప్పు తినేది కిందే. అంతటా సమంగా ఊడగొడితే నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది.

నేలని మాత్రం వదలొద్దు. అమర్నా పెద్ద ప్యాలెస్‌లో పురావస్తు తవ్వకందారు పీట్రీ 1891-92లో బయటపెట్టిన నేల మీద చేపల కొలను, రెల్లు, ఎగిరే బాతులు, నడిచే దారి పొడవునా కట్టేసిన బందీల బొమ్మలు ఉన్నాయి. రాజు అడుగు పడేది శత్రువుల మీదే అన్నమాట. ఆటగాడికి సింహాసనం దారి చూపడానికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. మెరిసే బాణం గుర్తులు తీసేయొచ్చు.

అపోహ: గోడకి కాగడాలు తప్పనిసరి.

వాస్తవం: మూడు వేల ఏళ్లుగా ఆరని కాగడా ఎవరు వెలిగించారో! మూసి ఉన్న గదిలో ఆటగాడి చేతి దీపమే వెలుగు. ప్యాలెస్ బతికున్న కాలాన్ని చూపిస్తుంటే పగటి వెలుగుని గోడ పైఅంచున చిన్న కిటికీల నుంచి దింపండి, రాత్రికి నార వత్తి వేసిన నూనె గిన్నెలు పెట్టండి.

అపోహ: చిత్రలిపి టెక్స్చర్‌ని (గోడకి అంటించే బొమ్మని) మిర్రర్ చేస్తే, అంటే అద్దంలోలా తిప్పితే, తప్పు.

వాస్తవం: ఈ లిపి ఎడమ నుంచీ రాశారు, కుడి నుంచీ రాశారు. పక్షులు, మనుషులు ఎటు చూస్తుంటే అటు నుంచి చదవాలి. గుమ్మానికి రెండు పక్కలా మిర్రర్ చేస్తే అసలు కట్టడాల్లో ఉన్నట్టే ఉంటుంది. తప్పయ్యేది వేరే చోట: బొమ్మని ఒక వైపు, దాని పక్క రాతని ఇంకో వైపు తిప్పినప్పుడు. మనిషి ఎటు చూస్తే అతని గురించిన అక్షరాలూ సాధారణంగా అటే చూస్తాయి. నిలువు కార్టూష్‌కి (రాజు పేరు చుట్టూ గీసే కోలగీతకి) అడ్డగీత కింద ఉండాలి. తలకిందులైతే రాజు పేరే తిరగబడుతుంది.

అపోహ: అసలు కొలతలు పెడితే చాలు.

వాస్తవం: సమాధి సొరంగమే కడుతున్నారనుకోండి. గ్రేట్ పిరమిడ్‌లో కిందికి దిగే దారి సుమారు 1.05 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు, 26 డిగ్రీల పైచిలుకు వాలు. అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌లో నడవగలిగే వాలు మామూలుగా దాదాపు 45 డిగ్రీలు కాబట్టి వాలుతో ఇబ్బంది లేదు. కానీ అందులో థర్డ్ పర్సన్ (పాత్రని వెనక నుంచి చూపించే) టెంప్లేట్‌లో పాత్ర చుట్టూ ఉండే క్యాప్సూల్, అంటే గోడలకి తగిలే కనిపించని గొట్టం, ఎత్తు 192 సెంటీమీటర్లు, గుమ్మంలోనే ఆగిపోతుంది. వంగి వెళ్లినా, వెనక్కి తిరగ్గానే 4 మీటర్ల దూరంలో ఉండే కెమెరా గోడకి తగిలి ఆటగాడి బుర్రలోకి దూరుతుంది. అలాంటి చోట ఆటగాడు అడుగుపెట్టగానే కెమెరా దూరం తగ్గించే ట్రిగ్గర్ పెట్టండి, లేదా వెడల్పు పెంచండి.

అపోహ: అడుగడుగునా విషబాణాలు.

వాస్తవం: ఉన్నవి దారి మూసే ఏర్పాట్లే, అవీ సమాధుల్లో. హవారాలో మూడో అమెనెమ్‌హాట్ పిరమిడ్‌లో ఎటూ పోని దారులు, పక్కకి జరిపి మూసే కప్పు బండలు ఉన్నాయి. కత్తులకంటే ఈ పజిలే బావుంటుంది.

అపోహ: నిజంగా దాగి ఉన్న ప్యాలెస్ దొరకదు.

వాస్తవం: అలెగ్జాండ్రియా తూర్పు రేవులో తర్వాతి కాలంలో ఈజిప్టునేలిన గ్రీకు వంశం టాలమీల రాజవాడ నీళ్లలో ఉంది. నీళ్ల కింద తవ్వకాలు చేసే ఫ్రాంక్ గాడియో బృందం 1990ల్లో అక్కడ గ్రానైటు స్తంభాలు, స్ఫింక్సులు గుర్తించింది. నీళ్ల కింది లెవెల్ కడితే పచ్చి ఇటుక, రంగులు పెట్టొద్దు, ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. రాయి, మేట, మసక నీళ్లు చాలు. ఫాగ్ (దూరాన్ని మసకబార్చే ఎఫెక్ట్) దట్టంగా పెట్టి, స్ఫింక్స్ ముఖం దగ్గరికొచ్చాకే కనిపించేలా చూడండి.