ఎంపీ ఆఫీసులో ఇంటర్న్‌గా మొదటి రోజులు: అపోహలు - వాస్తవాలు

వర్షాకాల సమావేశాలకు ముందు ఏటా కొత్త ఇంటర్న్‌లు ఢిల్లీలో దిగుతారు. ఎంపీలకు రీసెర్చ్ చేసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి వాళ్లకు పని చూపించడం సాధారణంగా నా వంతే. వచ్చేవాళ్లు చురుకైనవాళ్లే, కానీ మనసులో పెట్టుకొచ్చే ఊహలు మాత్రం ఏటా అవే.

అపోహ: రోజంతా పార్లమెంటులోనే ఉంటాం.

ఉండరు. గ్యాలరీకి వెళ్లాలంటే ముందుగా పాస్ కావాలి, ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, సభలోకి అడుగుపెట్టే మాటే లేదు. మీ రోజులు ఎక్కువగా గడిచేది ఏ నార్త్ అవెన్యూలోనో సౌత్ అవెన్యూలోనో, ఎంపీ గారి ఫ్లాట్ ముందు గదిలో, వచ్చేపోయేవాళ్లు కూర్చునే సోఫా పక్కన. సభ నడుస్తుంటే మీరూ అందరిలాగే సంసద్ టీవీలో చూస్తారు.

అపోహ: సభలో మంత్రులను ఎంపీ గారు అడిగే ప్రశ్న రాయడం అరగంట పని.

కొత్తవాళ్లు తెచ్చే మొదటి డ్రాఫ్ట్ దాదాపు ఇలా ఉంటుంది: “గ్రామాల్లో తాగునీటి సమస్య పరిష్కారానికి ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది?” దీనికి ఎలాంటి జవాబు వస్తుందో ఇక్కడ కూర్చునే చెప్పగలను. పథకాల పేర్లు, అవి మొదలైన తేదీలు, నీరు రాష్ట్రాల పరిధిలోని అంశమన్న ఒక వాక్యం, అంతే. అదే “జల్ జీవన్ మిషన్ కింద గత మూడేళ్లలో రాష్ట్రాలవారీగా ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది, కుళాయి బిగించాక నీళ్లు వస్తున్నాయో లేదో తనిఖీ చేశారా, చేస్తే ఏం తేలింది” అని విడగొట్టి అడిగితే తప్పించుకోవడం కష్టం, పట్టిక ఇవ్వాల్సి వస్తుంది.

ఇదంతా 150 పదాల్లోపు పట్టాలి. కనీసం 15 రోజుల ముందు నోటీసు వెళ్లాలి. ఏ శాఖ ఏ రోజు జవాబిస్తుందో ముందే ఖరారై ఉంటుంది, అది చూసుకోకుండా రాస్తే ఎంత మంచి ప్రశ్నయినా వృథా. ఆ పైన ఏ ప్రశ్నలు తీసుకోవాలో తేల్చే బ్యాలెట్, అంటే లాటరీ, ఉండనే ఉంది. లోక్‌సభలో రోజుకు స్టార్డ్ ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినవి, 20. వాటిలోనూ ప్రశ్నోత్తరాల గంటలో నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే. మిగతా 230 అన్‌స్టార్డ్, అంటే రాతపూర్వక జవాబులు. అన్‌స్టార్డ్‌లో పడిందని మొహం మాడ్చుకోకండి, టీవీలో కనపడదు గానీ అసలు డేటా దొరికేది అక్కడే.

అపోహ: మనం రాసిన బిల్లు చట్టమైపోతుంది.

మంత్రులు కాని ఎంపీలు పెట్టే బిల్లుల్ని ప్రైవేటు మెంబర్ బిల్లులంటారు. స్వాతంత్ర్యం వచ్చాక వాటిలో చట్టాలుగా మారినవి 14. చివరిది 1970లో. మరి రాయడం ఎందుకంటారా? డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటలేదు, 2019లో ప్రభుత్వం తన బిల్లుతో చట్టం తెచ్చింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఒక్కో నిర్వచనం ఎంత తేడా తెస్తుందో అర్థమవుతుంది.

అపోహ: పీఏ గారు మనకు అడ్డు.

నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్ద అపోహ. ఏ ఉత్తరానికి ఈరోజే జవాబు వెళ్లాలి, ఎవరు ఎందుకు వచ్చారు, సార్ ఏ మూడ్‌లో ఉన్నారు, అన్నీ తెలిసింది ఆయనకే. ఎవరికో ఆపరేషన్ ఉంటే ప్రధానమంత్రి సహాయ నిధికి సిఫారసు ఉత్తరం ఎలా పెట్టాలో ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఎంపీ ల్యాడ్స్, అంటే నియోజకవర్గ పనులకు ఎంపీ సిఫారసుతో ఖర్చయ్యే నిధుల గురించిన ఫోన్లు కూడా మీకు తగులుతాయి. “ఏడాదికి 5 కోట్లు ఉన్నాయి కదా, మా ఊరి రోడ్డు వేయించండి” అంటారు. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసి పని చేయించేది జిల్లా యంత్రాంగం. ఈ మాట విసుక్కోకుండా చెప్పడం కూడా పనే.

అపోహ: పొలిటికల్ సైన్స్ చదివి ఉండాలి.

అక్కర్లేదు. చట్టసభల మీద రీసెర్చ్ చేసే పీఆర్ఎస్ సంస్థ, యువతను ఎంపీల దగ్గర పనికి పంపే ల్యాంప్ ఫెలోషిప్‌కు కూడా ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు.

అపోహ: బిల్లు మీద మనం రాసిచ్చిన నోట్ నచ్చితే ఎంపీ గారు అలాగే ఓటేస్తారు.

మెచ్చుకుని, మర్నాడు దానికి వ్యతిరేకంగా ఓటేయొచ్చు. పార్టీ విప్ ధిక్కరిస్తే 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వానికే ముప్పు. అలగకండి, తర్వాతి నోట్ మొదలుపెట్టండి.

అపోహ: హిందీ రాకపోతే కష్టం, ఊరు కాని ఊళ్లో ఎలా బతుకుతాం.

కాగితాల పని ఇంగ్లిష్‌లో నడిచిపోతుంది. హిందీ కావాల్సింది గేటు దగ్గర, ఆటోలో, ఫోన్లో, వినగా వినగా అదే వస్తుంది. అసలు టెన్షన్ గది గురించే. సెషన్ రోజుల్లో ఎప్పుడు ఇల్లు చేరతారో చెప్పలేం, కాబట్టి పార్లమెంటు దగ్గరి సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్‌కు రైలు మారకుండా వచ్చే ఎల్లో లైన్ మీదో వయొలెట్ లైన్ మీదో చూసుకోండి. అడ్వాన్స్ మాత్రం గది కళ్లారా చూశాకే ఇవ్వండి.