మొదటి బీజేడీ కొనే ముందు: అపోహలు, వాస్తవాలు

బీజేడీలంటే బాల్ జాయింటెడ్ డాల్స్, గుండ్రటి కీళ్ళున్న రెసిన్ బొమ్మలు. వాటి ముఖాలకు రంగులు వేయడం, సడలిపోయిన ఎలాస్టిక్ తీసేసి కొత్తది ఎక్కించడం నా పని. బొమ్మ కొన్నాక వచ్చే నిరాశలు చాలావరకు నా బల్ల మీదికే చేరతాయి. వాటిలో ఎక్కువ శాతం బొమ్మ లోపం కాదు, తయారుచేసినవాళ్ళ తప్పూ కాదు. మనసులో ఒకటి అనుకుని డబ్బు కట్టారు, పెట్టెలో ఇంకొకటి వచ్చింది. అందుకే మొదటి బొమ్మ ఎంచుకోబోయేవాళ్ళు పదే పదే చెప్పే మాటల్ని ఇక్కడ పెడుతున్నాను.

ముందు కాస్త నేపథ్యం. గుండ్రటి కీళ్ళున్న బొమ్మలు యూరప్‌లో చాలా కాలంగానే ఉన్నాయి. ఇప్పుడు మనం బీజేడీ అంటున్న ఆసియా బొమ్మల ఒరవడి మాత్రం 1999లో జపాన్ కంపెనీ వోక్స్ తెచ్చిన సూపర్ డాల్ఫీతో మొదలైంది. ఆ తర్వాత కొరియా, చైనా కంపెనీలు రంగంలోకి దిగాయి. పాలీయురెథేన్ రెసిన్‌తో పోతపోసిన బోలు భాగాలు, వాటిని లోపల్నుంచి పట్టి ఉంచే ఎలాస్టిక్, మార్చుకోగలిగే కళ్ళు, విగ్గు. స్థూలంగా నిర్మాణం ఇంతే.

అపోహ: ఫొటోలో కనిపించిన బొమ్మే ఇంటికొస్తుంది

చాలా కంపెనీల్లో మూల ధరకు వచ్చేది బోడితలతో, రంగు లేని ముఖంతో, బట్టల్లేని బొమ్మ. కళ్ళు కొందరు ఏదో ఒక జత ఉచితంగా పెడతారు, కొందరు అదీ పెట్టరు. ఫేసప్, అంటే ముఖానికి వేసే రంగులు, విడిగా ఆర్డర్ చేయాలి. విగ్గు, బట్టలు, చెప్పులు అన్నీ వేరే లెక్క. ‘ఫుల్‌సెట్’ అని ఉంటే తప్ప ఫొటోలో ఉన్నవన్నీ కలిపి వస్తాయని అనుకోకండి. ఉన్నా, ఏమేం వస్తాయో చెప్పే జాబితా ఒక్కో వరుసా చదవండి.

ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. కంపెనీ ఫొటోలో మనకు నచ్చింది శిల్పమా, దాని మీద పనితనమా? కనుబొమలు కాస్త పైకి ఎత్తి గీస్తే ముఖం పొగరుగా ఉంటుంది, కిందికి దించితే దిగులుగా ఉంటుంది. పెదవుల మూలల్లో చిన్న నీడ వేస్తే లేని నవ్వు వస్తుంది. ఈ మాయ చేసేది నాలాంటివాళ్ళే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను: రంగు వేయని తల ఫొటోలు చూడకుండా బొమ్మను ఎంచుకోవద్దు. ముందు నుంచే కాదు, పక్క నుంచి, కింది నుంచి కూడా చూడండి. కంటి రంధ్రం ఎంత పెద్దది, రెప్ప ఎంత వాలింది, ముక్కు ఎంత ముందుకొచ్చింది, నోరు కొద్దిగా తెరుచుకుందా. ఇవి ఏ రంగుతోనూ మారవు. తర్వాత అదే శిల్పం కొన్నవాళ్ళు మామూలు వెలుతురులో తీసిన ఫొటోలు వెతకండి. నలుగురి చేతుల్లో నాలుగు రకాలుగా ఉన్నా ఆ ముఖం మీకు నచ్చుతూనే ఉంటే అప్పుడు నిజంగా నచ్చినట్టు.

అపోహ: మొదటిది కాబట్టి చిన్న బొమ్మ తీసుకోవడమే తేలిక

సైజుల గురించి క్లుప్తంగా (1/3 అంటే సుమారుగా మనిషి ఎత్తులో మూడో వంతు): 1/3 బొమ్మలు దాదాపు 55 నుంచి 70 సెంటీమీటర్లు, 1/4 బొమ్మలు 40 నుంచి 45, 1/6 బొమ్మలు 25 నుంచి 30. వీటికన్నా చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి.

చిన్నది సాధారణంగా చవకే, బ్యాగులో పెట్టుకుని తిరగొచ్చు. కానీ మీరే బట్టలు కుట్టాలనుకుంటే అరచేతి వెడల్పు చొక్కాకు కాలరు తిప్పడం ఎంత కష్టమో మొదటి రోజే అర్థమవుతుంది. ముఖం మీద రంగులు వేయడమూ అంతే. తల చిన్నదయ్యేకొద్దీ వెంట్రుకంత గీత తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద బొమ్మ మీద పని చేయడం సులువు, ఫొటోల్లో నిండుగా ఉంటుంది. మోయడం, నిలబెట్టడం, దాచడం మాత్రం కష్టం. ఆరోజు పని ముగిశాక బొమ్మను బయటికి తీయాలంటేనే బద్ధకం వేసే బరువైతే అది బీరువాలోనే ఉండిపోతుంది. కుట్టడమా, రంగులు వేయడమా, ఫొటోలు తీయడమా, షెల్ఫులో పెట్టి చూసుకోవడమా? ఈ ప్రశ్నకు జవాబు తేలాక సైజు దానంతట అదే తేలుతుంది.

అపోహ: ఒకే సైజు బొమ్మలన్నిటికీ ఒకే బట్టలు సరిపోతాయి

సరిపోవు. 1/4లోనే సన్నటి ఒళ్ళున్నవి, బొద్దుగా పిల్లల ఒళ్ళున్నవి, పెద్దవాళ్ళ ఒంపులున్నవి ఉన్నాయి. ఉదాహరణకు ఫెయిరీల్యాండ్ వారి మినీఫీ సన్నటి రకం. దానికి కుట్టిన గౌను బొద్దు ఒంటికి వీపు దగ్గరే ఆగిపోతుంది. కొనే ముందు ఛాతీ, నడుము, తుంటి కొలతలు రాసి పెట్టుకోండి. చెప్పులకు పాదం పొడవుతో పాటు వెడల్పు కూడా కావాలి. మడమ ఎత్తి చేసిన హీల్ పాదాలకు మామూలు చెప్పులు పట్టవు. విగ్గు సైజు తల చుట్టుకొలతను అంగుళాల్లో చెప్తుంది: 1/3కి ఎక్కువగా 8-9, 1/4కి 7-8. కళ్ళ సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది.

అపోహ: మంచి రెసిన్ పచ్చబడదు

పాలీయురెథేన్ రెసిన్ ఏదైనా కాలక్రమంలో రంగు మారుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి ఆ మార్పును తొందరపెడతాయి. యూవీ నిరోధం ఉన్న రెసిన్, యూవీ తగ్గించే సీలెంటు (పైన కొట్టే రక్షణ పూత) ఆలస్యం చేస్తాయే కానీ ఆపలేవు. గోధుమ రంగు, ముదురు చర్మం రెసిన్లు పచ్చబడ్డమే కాక వెలిసిపోవచ్చు, ఆకుపచ్చ ఛాయకు తిరగొచ్చు కూడా.

ఇది విని కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది, బొమ్మను పెట్టెలోంచి తీయడమే మానేస్తారు. అంత అక్కర్లేదు. కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టండి, కారులో వదిలేయకండి, ఆరుబయట ఫొటోలు తీశాక లోపలికి తెచ్చేయండి. ఒంటి మీద అంతటా ఒకేలా వచ్చిన లేత మార్పు కంటికి ఆనదు. ఇబ్బంది పెట్టేది బట్ట కప్పిన చోట ఒక రంగు, బయటున్న చోట ఇంకో రంగు రావడం. ఎన్నాళ్ళో ఒకే డ్రెస్సులో ఒకే షెల్ఫులో ఉంచితే జరిగేది అదే.

పచ్చబడటం కన్నా తొందరగా పాడుచేసేది బట్టల రంగు. నలుపు, ఎరుపు, ముదురు నీలం బట్టలు రెసిన్ మీద మరకలు దించుతాయి. ముదురు విగ్గులు తల మీద దించుతాయి. బట్టలు ఉతికి తొడగండి, లోపల తెల్లటి పలుచటి పొర వేయండి, విగ్గు కింద సిలికాన్ క్యాప్ పెట్టండి. విగ్గు జారకుండా కూడా అదే పట్టి ఉంచుతుంది. మరక పడితే మెలమైన్ స్పాంజితో తేలిగ్గా రుద్దండి. అది సన్నని గరుకు కాగితంలాంటిదే, కాబట్టి పై పొర కొంచెం అరుగుతుందని గుర్తుంచుకోండి. ఫేసప్ దరిదాపులకు దాన్ని తీసుకెళ్ళొద్దు.

అపోహ: నిలబడలేని బొమ్మ లోపమున్న బొమ్మ

ఈ ఫిర్యాదు నాకు ఎక్కువగా వస్తుంది. సాధారణంగా మెడ నుంచి మొండెం గుండా రెండు కాళ్ళలోకి ఒక ఎలాస్టిక్, చేతులకు అడ్డంగా ఇంకొకటి ఉంటాయి. వాటి బిగువే కీళ్ళను పట్టి ఉంచేది. మరీ బిగుతైతే మోకాలు వంచీ వంచకముందే కాలు తన్ని వెనక్కి వచ్చేస్తుంది. వదులైతే బొమ్మ కూలబడుతుంది. కొత్త ఎలాస్టిక్ కొన్ని వారాల్లో కొంత సాగుతుంది, అందుకే కంపెనీలు కాస్త బిగించి పంపుతాయి. వచ్చిన రోజే తీర్పు చెప్పేయకండి. తుంటి, మోకాలు, మడమ ఒకే గీతలోకి తెచ్చి, మోకాలి కీలు టక్కున కుదురుకునేదాకా నొక్కి చూడండి. చాలా బొమ్మలు అప్పుడు నిలబడతాయి.

అప్పటికీ జారుతుంటే కీలు గుంటల్లో పలుచటి స్వెడ్ తోలు ముక్క అంటిస్తాం, లేదా వేడి జిగురు పలచగా వేస్తాం. రాపిడి పెరిగి కీలు పెట్టిన చోటే ఆగుతుంది. కాళ్ళలో, చేతుల్లో ఎలాస్టిక్‌తో పాటు తీగ నడిపేవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ ఇంట్లో నేర్చుకోగలిగిన పనులే. కొన్నేళ్ళకోసారి ఎలాస్టిక్ ఎలాగూ మార్చాలి, కాబట్టి దాన్ని చూసి భయపడే అలవాటు మొదట్లోనే పోవడం మంచిది.

కొనే ముందు కీళ్ళ రకం చూడండి. మోకాలికి, మోచేతికి రెండేసి కీళ్ళున్న ఒళ్ళు మోకరిల్లుతుంది, చేయి ముఖం దాకా తెస్తుంది. ఒకే కీలున్నది అంతగా వంగదు, కానీ చెక్కుచెదరకుండా నిలబడుతుంది. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళకు మొదటిది, షెల్ఫు మీద పెట్టుకునేవాళ్ళకు రెండోది అని నా అభిప్రాయం.

అపోహ: తల ఒక కంపెనీది, ఒళ్ళు ఇంకో కంపెనీది కలిపితే చవకలో తేలుతుంది

హైబ్రిడ్లు బాగుంటాయి, నిజమే. మొదటి బొమ్మకు మాత్రం నేను వద్దంటాను. ఒకరి ‘నార్మల్ స్కిన్’ గులాబీ ఛాయలో ఉంటే, ఇంకొకరిది పసుపు ఛాయలో ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా ఒక విడతకూ ఇంకో విడతకూ తేడా రావచ్చు. మెడ చుట్టుకొలత కుదిరినా మెడ పైభాగం ఆకారం కుదరకపోతే తల ఎప్పుడూ ఒక పక్కకే చూస్తుంటుంది.

అపోహ: చవకగా ఉన్నదంతా నకిలీ, సర్టిఫికెట్ ఉన్నదంతా అసలు

రెండూ తప్పే. తక్కువ ధరకు సొంత శిల్పాలు అమ్మే కంపెనీలు ఉన్నాయి. చైనాకు చెందిన రెసిన్‌సోల్, డాల్‌జోన్ అలాంటివే. మొదటి బొమ్మకు బడ్జెట్ చిన్నదైతే అటు చూడటంలో నామోషీ ఏమీ లేదు. ముగింపు పనిలో కొంచెం తేడా ఉండొచ్చు, అతుకు గీతలు ఎక్కువ కనిపించొచ్చు. అచ్చు రెండు సగాలు కలిసే చోట గీత పడటం పోతపనిలో మామూలే, అది లోపం కాదు. సన్నని గరుకు కాగితంతో తీసేయొచ్చు, కానీ ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్ళలో తడుపుతూ రుద్దండి.

రీకాస్ట్ అంటే వేరొకరి బొమ్మ కొని, దాని మీద అచ్చు తీసి, అనుమతి లేకుండా పోసి అమ్మేది. పోతకు పోత తీయడంతో సైజు కొంచెం తగ్గుతుంది, సన్నని చెక్కుడు మొద్దుబారుతుంది, కీళ్ళు వదులవుతాయి. బాగా వచ్చిన రీకాస్టులు లేవని నేను అనను. నా అభ్యంతరం నాణ్యత గురించి కాదు. శిల్పం చెక్కినవాళ్ళకు పైసా వెళ్ళదు, చిన్న చిన్న తయారీదారులు ఈ దెబ్బ తట్టుకోలేరు. నేను రీకాస్టులకు రంగు వేయను. నాలాగే ఒప్పుకోని ఆర్టిస్టులు చాలామంది ఉన్నారు. తర్వాత అమ్ముదామన్నా కొనేవాళ్ళు దొరకడం కష్టం.

గుర్తుపట్టడం ఎలా? పది కంపెనీల శిల్పాలు ఒకే చోట, ఏ చర్మం రంగులో కావాలంటే ఆ రంగులో, అసలు ధరలో కొంత భాగానికే దొరుకుతున్నాయంటే అనుమానించండి. ఎప్పుడో అమ్మకం ఆగిపోయిన లిమిటెడ్ బొమ్మ ఎప్పుడూ స్టాకులో ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. సర్టిఫికెట్‌ను నకలు కొట్టడం పెద్ద కష్టం కాదు, పైగా అసలు కంపెనీలన్నీ సర్టిఫికెట్ ఇవ్వవు. నేరుగా కంపెనీ సైటులో గానీ, ఆ సైటులో పేరున్న డీలర్ల దగ్గర గానీ కొనండి.

అపోహ: డబ్బు కడితే వారంలో వస్తుంది

చాలా బొమ్మలు ఆర్డర్ వచ్చాకే పోస్తారు. నెలలు పడుతుంది, ఫేసప్ కూడా అడిగితే ఇంకాస్త. వాయిదాల్లో కట్టే లేఅవే పద్ధతి చాలాచోట్ల ఉంది, కానీ మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు ఎంత తిరిగొస్తుందో ముందే చదవండి. షిప్పింగు, మీ దేశపు కస్టమ్స్ పన్ను లెక్కలో వేసుకోండి.

ఆగలేనంటే సెకండ్ హ్యాండ్ ఉంది. మొదటి బొమ్మకు అది తప్పుడు దారేమీ కాదు. పగటి వెలుతురులో తెల్ల కాగితం పక్కన పెట్టి తీసిన ఫొటోలు అడగండి. తల వెనక మూత తీసి, దాని లోపలి వైపు, బయటి వైపు పక్కపక్కన చూపించమనండి. వెలుతురు తగలని లోపలి రంగుకూ బయటికీ ఉన్న తేడాయే ఎంత పచ్చబడిందో చెప్తుంది. వేళ్ళు, చెవులు, కీళ్ళ అంచులు దగ్గరగా చూడండి, పెచ్చులూడేది అక్కడే. చెల్లింపు మాత్రం కొనుగోలుదారుకు రక్షణ ఉన్న పద్ధతిలోనే చేయండి, స్నేహితులకు పంపినట్టు పంపమంటే ఒప్పుకోవద్దు.

అపోహ: ఫేసప్ ఒకసారి వేస్తే శాశ్వతం, లేదా ఎవరైనా వేసేయొచ్చు

శాశ్వతం కాదు. పొడి పాస్టెళ్ళు, ఆక్రిలిక్, వాటర్‌కలర్ పెన్సిళ్ళు పొరలు పొరలుగా వేసి, ప్రతి పొర మీదా మ్యాట్ సీలెంటు కొడతాం. మిస్టర్ సూపర్ క్లియర్ అనే సీలెంటు చాలామంది వాడేది. గోరు తగిలితే గీత పడుతుంది, జాగ్రత్తగా ఉంటే ఏళ్ళు నిలుస్తుంది. నచ్చకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానీయకండి, అందులోని ఎసిటోన్ రెసిన్‌నే పాడుచేస్తుంది.

స్వయంగా వేయాలంటే తప్పకుండా వేయండి, నేర్చుకోవడానికి ఒక విడి తల కొనుక్కుని దాని మీద మొదలుపెట్టండి. కానీ ఆ సీలెంటు స్ప్రే విషపూరితం. బట్ట మాస్కు చాలదు. ఆర్గానిక్ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, ఆరుబయట గాలిలో కొట్టాలి. తేమ ఎక్కువున్న రోజు కొడితే తెల్లగా బూడిద పట్టినట్టు అవుతుంది. ఇంత సరంజామా ఇప్పుడే వద్దనుకుంటే కంపెనీ ఫేసప్‌తోనే తీసుకోండి.

పెట్టె వచ్చాక చేయాల్సింది: తెరవడం దగ్గర్నుంచి వీడియో తీయండి, భాగాలన్నీ ఆర్డరు కాగితంతో సరిచూడండి, ఏదైనా పగిలి ఉంటే అదే రోజు కంపెనీకి రాయండి. కళ్ళు పెట్టడానికి తల మూత తీస్తే చాలు. తల మొత్తంగా విప్పాల్సి వస్తే మాత్రం మెడ దగ్గర ఎలాస్టిక్ తగిలించి ఉండే ఎస్-హుక్‌ను (ఎస్ ఆకారపు కొక్కేన్ని) గట్టిగా పట్టుకుని, ఎలాస్టిక్ ఉచ్చులోంచి అడ్డంగా ఒక పెన్సిల్ దూర్చండి. లేకపోతే హుక్ జారి మొండెంలోకి దూసుకుపోతుంది, కాళ్ళు ఊడి వస్తాయి.