లడ్డూకి పగలంతా ఏం తోచాలి?

తెనాలి

చి. అమ్ములుకీ, చిన్నాకీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో అన్నీ చెప్పింది. మీ లాబ్రడార్ కుక్క లడ్డూ సోఫా దిండు చీల్చేశాడట, మీ నాన్నగారి చెప్పు నమిలేశాడట, మీరు స్కూలుకి వెళ్ళాక ఒకటే మొరుగుడని పక్క ఫ్లాట్ ఆవిడ అసోసియేషన్ గ్రూపులో పెట్టిందట. దానికి మీరిద్దరూ కనిపెట్టిన మందు ఇంకో అరడజను బొమ్మలు కొనడం, టీవీ పెట్టి వెళ్ళడం. నాకు రెండూ నచ్చలేదు. ఎందుకో ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ లాగేసుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని, అక్కడక్కడ పాఠంలా ఉంటే ఓర్చుకోండి.

లాబ్రడార్ల పూర్వీకులు కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల దగ్గర పనిచేసిన కుక్కలు. చన్నీళ్ళలోకి దూకి వలలు లాగేవి, గేలం నుంచి జారిపోయిన చేపల్ని పట్టుకొచ్చేవి. 19వ శతాబ్దంలో ఇంగ్లండు దొరలు వాటిని తీసుకెళ్ళి, వేటలో పడిన పక్షుల్ని నోట కరిచి తెచ్చే పనిలో పెట్టారు. అంటే మీ లడ్డూ తాతముత్తాతలందరూ ఉద్యోగస్తులే. మియాపూర్‌లో మూడో అంతస్తులో వాడికి మాత్రం ఏ పనీ లేదు. పెద్ద కుక్క రోజుకి పన్నెండు, పధ్నాలుగు గంటలు పడుకుంటుంది కాబట్టి మీరు లేని టైమ్‌లో సగం నిద్రలోనే పోతుంది. మెలకువగా ఉన్న సగంలో నోరూ ముక్కూ ఊరుకోవు. చెప్పు నమలడం మీ మీద కక్షతో కాదు, దొరికిన పని అదొక్కటే కాబట్టి.

ముక్కు అన్నాను కదా, అసలు సంగతి అక్కడే ఉంది. మనకి వాసన పట్టే గ్రాహకాలు యాభై, అరవై లక్షలుంటాయి. కుక్కకి జాతిని బట్టి పది కోట్ల నుంచి ముప్ఫై కోట్ల దాకా. సాయంత్రం లడ్డూని పక్కన కూర్చోబెట్టుకుని ముక్కు పరీక్షగా చూడండి. రంధ్రాలకి ఇటూ అటూ పక్కకి వంగిన చీలికలు కనిపిస్తాయి. గాలి లోపలికి పోయేది ముందు నుంచి, బయటికి వచ్చేది ఆ పక్క చీలికల్లోంచి. వదిలిన ఊపిరి కొత్త వాసనకి అడ్డం రాకుండా ఉండే ఏర్పాటు అది. ఇంత సరంజామా ఉన్న జంతువుకి రంగురంగుల ప్లాస్టిక్ బాతు ఇస్తే ఏం చేసుకుంటుంది? రెండు రోజులు పీకి వదిలేస్తుంది. పైగా కుక్కకి ఎరుపు, ఆకుపచ్చ సరిగ్గా తేడా తెలియవు, ఆ రంగులు కొనేవాళ్ళ కోసం.

ఒరేయ్ చిన్నా, నీకో మాట. బస్సు వచ్చేస్తుందన్న టెన్షన్‌లో పొద్దున్న వాణ్ణి పార్కు చుట్టూ ఈడ్చుకుంటూ తిప్పుతున్నావట. నాలుగు రౌండ్లు ఈడ్చేకంటే ఒక్క రౌండు వాడి ఇష్టానికి నడవనివ్వు. కరెంటు స్తంభం దగ్గర ఆగితే ఆగనివ్వు. ముందు వచ్చి వెళ్ళిన కుక్క ఆడదో మగదో, తెలిసినదో కొత్తదో అన్నీ అక్కడి వాసనలోనే ఉంటాయి. అదంతా బుర్రకి పని. కాళ్ళు అలిసిన కుక్క కాసేపు పడుకుని లేస్తుంది, బుర్ర కూడా అలిసినది ఇంకా హాయిగా పడుకుంటుంది. మీరు లేనప్పుడు వాడు ఎలా ఉంటాడన్నది చాలావరకు మీరు బయల్దేరేముందు గంటలోనే తేలిపోతుంది. మీ పని అంతా ఆ గంటలోనే.

ఇక తిండి. గిన్నెలో పోస్తే అర నిమిషంలో ఊడ్చేస్తాడు, అక్కడితో ఆ రోజుకి వాడి ఉత్సాహం అయిపోయినట్టే. గిన్నె మానేయండి. గుంటపొంగణాల పెనం, ఇనపది, బరువుగా ఉండేది తీసుకోండి. ఒక్కో గుంటలో వాడి డాగ్‌ఫుడ్ పలుకులు నాలుగేసి వేసి, కొన్ని గుంటల మీద టెన్నిస్ బంతులు కూర్చోబెట్టండి, కొన్ని వదిలేయండి. మొదట వదిలేసినవి నాకేస్తాడు. తర్వాత బంతి పక్కన ముక్కు పెట్టి గట్టిగా పీలుస్తాడు, వాసన వస్తుంది కానీ తిండి కనపడదు. కాలితో గీరుతాడు, పెనం బరువుకి కదలదు. చివరికి మూతితో కిందనుంచి ఎత్తితే బంతి దొర్లిపోతుంది. ఆ క్షణంలో తోక చూడండి! నాలుగు రోజుల్లో కిటుకు పట్టేస్తాడు, అప్పుడు అన్ని గుంటలూ మూసేయండి. పెనం లేకపోతే ఇడ్లీ ప్లేటు పెట్టొచ్చు కానీ తేలిక కదా, ఇల్లంతా గణగణ లాక్కుంటూ తిరుగుతాడు, కింద ఫ్లాట్ వాళ్ళు కూడా గ్రూపులో పెడతారు.

పాత తువ్వాల్లో పలుకులు చల్లి, చుట్టి, వదులుగా ముడి వేసి ఇవ్వడం ఇంకో ఆట. అట్టపెట్టెలో నలిపిన పేపరు ఉండల మధ్య దాచడం ఇంకోటి, పిన్నులూ టేపూ పీకేశాకే. ఇవన్నీ మీ కళ్ళెదుట ఆడించేవి. తాళం వేసేటప్పుడు బంతులూ గుడ్డలూ ఎత్తేయాలి, తీరిక దొరికితే బంతి మీది నూగు పీకి మింగేస్తాడు.

మీరు లేనప్పుడు ఇవ్వదగ్గది గట్టి రబ్బరుతో చేసి, లోపల గుల్లగా ఉండే బొమ్మ. దాని వెనక తమాషా కథ ఉంది. 1970ల్లో అమెరికాలో జో మార్క్‌హామ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అని ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్ళు నమిలి పళ్ళు అరగ్గొట్టుకునేది. ఆయన ఒకరోజు ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తూ విడిభాగాలు పారేస్తుంటే, సస్పెన్షన్ రబ్బరు ముక్క ఒకటి ఫ్రిట్జ్ పట్టుకుని వదల్లేదు. కాంగ్ అనే బొమ్మ అలా పుట్టింది. లడ్డూ నోట్లో పూర్తిగా పట్టనంత సైజు చూసి కొనండి. అందులో ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నం కూరి రాత్రి ఫ్రీజర్లో పెట్టండి, పొద్దున్న గడప దాటే ముందు ఇవ్వండి. గడ్డ కట్టింది కాబట్టి చాలాసేపు నాకుతూ కూర్చుంటాడు. నాకడం, నమలడం కుక్క మనసుని నెమ్మదిపరుస్తాయి.

ఇవన్నీ రోజువారీ తిండిలోంచే తియ్యాలి, పైన కలపకూడదు. లాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కలకి ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో కొంత భాగమే ఉండదని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్ళు కనిపెట్టారు. కాబట్టి లడ్డూ కళ్ళు చూసి కరిగిపోవద్దు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, ఉడికిన ఎముకలు వాడికి అందేచోట ఉండకూడదు. అమ్ములూ, నీ స్కూల్ బ్యాగ్ జేబులు కూడా చూసుకో.

టీవీ సంగతి. బెల్‌ఫాస్ట్‌లో 2002లో షెల్టర్ కుక్కలకి రకరకాల సంగీతం వినిపించి చూశారు. శాస్త్రీయ సంగీతానికి ఎక్కువసేపు పడుకున్నాయి, హెవీ మెటల్‌కి మొరుగుడు పెరిగింది. తర్వాత 2015లో స్కాట్లాండ్‌లో చూస్తే, ఒకే రకం రోజూ పెడితే ఆ ప్రభావం తగ్గిపోయింది. కాబట్టి చిన్నగా ఏదో ఒకటి మార్చి మార్చి పెట్టండి, తప్పులేదు. సీరియల్స్ మాత్రం వద్దు, ఆ అరుపులకి మనుషులే కంగారుపడతారు.

తాళాల గుత్తి గలగలమంటే చాలు లడ్డూ లేచి తిరగడం మొదలెడతాడని మీ అమ్మ అంది. తాళాలు, బూట్లు, టిఫిన్ బాక్సు కనపడితే మీరు వెళ్ళిపోతున్నారని నేర్చుకున్నాడు, తిండికి ముందు రోజూ గంట వింటే గంట చప్పుడుకే కుక్కకి చొంగ కారుతుందనే పావ్‌లోవ్ పాఠం మీకూ వస్తుంది ముందు ముందు. ఆ పాఠాన్ని చెరిపేయాలి. సెలవురోజు ఊరికే తాళాలు తీసి జేబులో వేసుకుని సోఫాలో కూర్చుని పుస్తకం చదువుకోండి. బూట్లు వేసుకుని హోంవర్క్ చేసుకోండి. గడప దాటి నిమిషంలో వెనక్కి రండి, తర్వాత అయిదు నిమిషాలు, తర్వాత పది. వెళ్ళేటప్పుడు కౌగిలింతలూ బైబైలూ వద్దు, వచ్చాక కూడా సంచి పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు పలకరించండి. ఇది మీకే కష్టం, వాడికి కాదు.

ఒక విషయం మాత్రం పెద్దవాళ్ళతో కలిసి చూడాలి. మీ నాన్నగారి పాత ఫోను బల్ల మీద పెట్టి మీరు వెళ్ళాక మొదటి గంట వీడియో తీయండి. లడ్డూ పెరుగన్నం నాకేసి, అటూ ఇటూ తిరిగి, విసుగొచ్చి దిండు పీకితే అది పని లేకపోవడం, పైన చెప్పినవి చాలు. అలాకాక ఫ్రీజర్లోంచి తీసిన బొమ్మ ముట్టకుండా, తలుపే గోకుతూ, చొంగ కారుస్తూ ఏడుస్తుంటే అది భయం. భయపడ్డ కుక్కకి ఎంత ఇష్టమైన తిండీ గొంతు దిగదు. అప్పుడు ఎన్ని ఆటలు పెట్టినా లాభం లేదు, ఆ వీడియో తీసుకుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. రెండింటికీ మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి కిందికి తీసుకెళ్ళి తిప్పడం మంచి సాయం. స్వీడన్లో అయితే పగలు ఆరు గంటలకోసారైనా కుక్కని బయటికి తీసుకెళ్ళాలని నియమమే ఉంది. మీ వాచ్‌మన్ భార్యకి లడ్డూ అంటే ముద్దని విన్నాను, అమ్మని అడగమనండి, డబ్బులిచ్చి.

ఇంటికొచ్చేసరికి దిండు చిరిగి ఉంటే తిట్టకండి. 'వాడికి తప్పు తెలుసు, మొహం చూడు' అంటాడట చిన్నా. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ ఇదే పరీక్షించింది. ఆ 'తప్పుచేసిన మొహం' యజమాని తిట్టినప్పుడు వస్తోంది, ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే అదే మొహం పెట్టింది. మూడు గంటల కిందటి దిండుకి ఇప్పటి తిట్టుకి లంకె వాడికి తెలియదు. గుమ్మం దగ్గర మీరు కోపంగా ఉంటారని మాత్రం నేర్చుకుంటాడు, రేపటి నుంచి ఒంటరిగా ఉండటం ఇంకా కష్టమవుతుంది.

మీ ఇంట్లో నాన్‌స్టిక్ పొంగణాల పెనమే ఉందని నాకు తెలుసు, దాన్ని లడ్డూకి ఇస్తే మీ అమ్మ ఊరుకోదు. మా అటక మీది ఇనప పెనం తోమించి పెట్టాను. మావయ్య ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపిస్తా. బంతులు మీరు కొనుక్కోండి.

ఇట్లు
మీ అమ్మమ్మ