హెచ్ ఇండెక్స్ అంటే ఎర్రగడ్డల లెక్క

కర్నూలు సి.క్యాంపులో మా ఎదురింటాయన మొన్న నన్ను గేటు దగ్గరే ఆపాడు. "సార్, మా పాపకు ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. గైడ్ మేడంకు హెచ్ ఇండెక్స్ 18 అంట. మంచిదేనా?" ముఖంలో టెన్షన్ కనిపిస్తోంది. ఆయనది ఎర్రగడ్డల (ఉల్లిపాయల) వ్యాపారం కాబట్టి లెక్కంతా మార్కెట్ యార్డు మీదే చెప్పాను.

మీరు రాసిన పరిశోధన పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. ఒక పరిశోధకుడి పేపర్లకు ఇలాంటి సైటేషన్లు ఎలా వచ్చాయో ఒక్క అంకెలో చెప్పేదే హెచ్ ఇండెక్స్. ఇంతవరకు తెలిస్తే చాలు.

పొద్దున్నే యార్డులోకి వెళ్తే రైతుల సరుకు కుప్పలు కుప్పలుగా కనిపిస్తుంది. ఒకరివి 60 సంచులు, ఒకరివి 12. ఓ మూలన ఎవరివో రెండే సంచులు, అందులో ఒకటి చినిగి గడ్డలు దొర్లిపోయి, పొట్టు కాళ్లకు అంటుకుంటూ ఉంటుంది. ఒక్కో కుప్ప ఒక పేపర్ అనుకోండి, సంచులు దానికి వచ్చిన సైటేషన్లు. సంచుల్ని ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, ఎత్తైన కుప్ప నుంచి పొట్టి కుప్ప దాకా వరసగా నిలబెట్టండి. ఇక లెక్కపెడుతూ నడవండి. పదో కుప్పలో పది సంచులకు తగ్గకుండా ఉన్నాయా? ఉంటే ముందుకు. 18వ కుప్పలో 21 ఉన్నాయి, పర్వాలేదు. 19వ కుప్పలో 18 మాత్రమే ఉన్నాయి, ఆగిపోవాలి. హెచ్ ఇండెక్స్ 18. ఈ లెక్కను 2005లో చెప్పింది హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త.

ఆ వరసకు ఎదురుగా నిలబడితే మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. ఆ మెట్ల కింద పట్టే అతిపెద్ద చతురస్రం భుజమే హెచ్. సూత్రం రాయించి వదిలేయకుండా ఈ బొమ్మ ఒక్కసారి బోర్డు మీద గీస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇక్కడే నాకు ఒళ్లు పులకరించే సంగతి ఉంది. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో 1918లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీతో కలిసి మన రామానుజన్ సుమారుగా లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. ఆ విభజనల్ని చుక్కల వరసలుగా గీస్తే అందులో పట్టే పెద్ద చతురస్రాన్ని డర్ఫీ చతురస్రం అంటారు. మొత్తం సైటేషన్లు పేపర్ల వారీగా విడిపోవడం కూడా ఒక విభజనే కాబట్టి, హెచ్ ఇండెక్స్ అచ్చంగా ఆ చతురస్రం భుజమే! 2014లో అలెగ్జాండర్ యాంగ్ అనే గణితవేత్త దీన్ని వాడుకుని ఒక అంచనా వేశాడు. అన్ని విభజనలకూ సమాన అవకాశం ఇస్తే, హెచ్ సుమారుగా మొత్తం సైటేషన్ల వర్గమూలానికి 0.54 రెట్లు. ఆ 0.54 ఎక్కడిదంటే, 6 వర్గమూలాన్ని 2 సహజ సంవర్గమానంతో గుణించి π (పై, సుమారు 3.14)తో భాగించగా వచ్చింది. 1,100 సైటేషన్లు ఉంటే వర్గమూలం 33.2, హెచ్ 17.9.

అయితే చతురస్రం పైన మిగిలిన సంచుల సంగతి? హెచ్ వాటిని చూడదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు గాఢతతో కొలిచే పద్ధతి రాశారు. ఆ ఒక్క పేపర్‌కే వేల సైటేషన్లు. హెచ్ లెక్కలో అదీ ఒక కుప్పే.

కుళ్లిన గడ్డలున్న సంచీ సంచే. తట్టు టీకాకు, ఆటిజంకు ముడిపెట్టిన లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1998లో వచ్చిన పేపర్‌ను 2010లో ఆ పత్రికే ఉపసంహరించుకుంది. అది తప్పు అని చెప్పడానికి ప్రస్తావించినా సైటేషన్ పెరుగుతూనే ఉంటుంది. తట్టు వస్తే అమ్మవారు పోసిందని వేపమండ కట్టి ఊరుకునే ఇళ్లు నేను చూశాను. అక్కడికి సూది భయం కూడా చేరితే పిల్లల గతి ఏమిటని నాకు బాధ.

ఇక ఆ మూలన ఉన్న రెండు సంచుల కుప్ప. అనంతపురం జిల్లాలో చాలా పల్లెల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏ ఊళ్లో ఏ బోరు ఆ గీత దాటిందో ఊరూరా తిరిగి కొలిచి రాసిన పేపర్‌ను విదేశాల్లో ఎవరు ప్రస్తావిస్తారు? అది చదివి బిందె ఇంకో బోరు కింద పెట్టిన ఇల్లాలు సైటేషన్ రాయదు.

అందుకే ఎదురింటాయనతో అన్నాను, "18 బాగానే ఉందన్నా. కానీ పాపను మేడం పేపర్ల జాబితా తెరిచి మూడు చదవమను. అన్నిటికంటే ఎత్తైన కుప్ప, 18వ కుప్ప, చివరి కుప్ప."